"ఈయన తాలూకు ఎవరు?"

అక్కా,

నాన్నా నేనూ క్షేమంగా చేరాం, కంగారు పడకు. ఆయన వింటూండగా ఫోనులో చెప్పలేక రాస్తున్నాను. బస్సులో పక్కపక్కన చోటు దొరక్క ఆయన ముందు, నేను వెనక కూర్చున్నాం. సగం దారిలో ఆయనకు తెలియకుండానే బట్టలు తడిసి సీటంతా పాడైంది. పక్కనున్నావిడ లేచి గోల చేసింది. కండక్టరమ్మ వచ్చి, "ఈయన తాలూకు ఎవరండీ?" అని అడిగింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. నాన్న వెనక్కి తిరక్కుండానే, "ఎవరూ లేరమ్మా, ఒక్కణ్ణే వచ్చాను. గుడ్డేదైనా ఉంటే ఇవ్వు, నేనే తుడుస్తాను" అన్నారు.

సిగ్గుతో చచ్చిపోయానక్కా. లేచి వెళ్లి, "మా నాన్నండీ" అని చెప్పి, నా తువ్వాలుతో సీటు తుడిచాను. పక్కసీటావిడను క్షమించమన్నాను. కండక్టరమ్మ బస్సు ఆపించి, ఆయన బట్టలు మార్చుకునేదాకా ఎవరినీ కసరనివ్వలేదు. నాన్న ఇంతవరకు ఆ ఊసెత్తలేదు.

మీ అత్తగారికి ఏ రకం డైపర్లు వాడుతున్నావో రాయి. మనసు నొచ్చుకోకుండా ఆవిడను ఎలా ఒప్పించావో కూడా రాయి. బావ నడుం నొప్పి తగ్గిందా?

నీకూ పిల్లలకూ నాన్న దీవెనలు. "తమ్ముడు నన్ను కళ్లలో పెట్టుకుని తీసుకొచ్చాడని రాయి" అంటున్నారు. ఆ ముక్క రాయడానికి చెయ్యి రావడం లేదు.

నీ తమ్ముడు