జిప్పు వేసినంతసేపూ ఎలుగుబంటినే

మహారాజశ్రీ జంతు సంరక్షణాధికారి గారి సముఖమునకు,
పరుపుల దుకాణం ముందర నిలబడు ఎలుగుబంటి వేషధారి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పని వేళలలో, అనగా వీపు మీది జిప్పు పైకి లాగినది మొదలు కిందికి దించువరకు, అర్జీదారుని జంతువుగా పరిగణించి, జంతువులకు దక్కు నీరు, నీడ, విశ్రాంతి ఇప్పించుట, మరియు మా బావగారిని శిక్షించుట, అయితే మరీ ఎక్కువ శిక్షించకుండుట గురించి.

తమరు నన్ను ఎరుగుదురు. మొన్న వల, బోను, అరటిగెల పట్టుకొని వచ్చి నా తల పీకినది తమరే. తల లోపల ఇంకొక తల కనబడగానే తమరు ఎంతో నిరాశ చెందినట్లు తమ ముఖము చూచి గ్రహించితిని. అందుకు క్షమించగలరు. ఆ రోజు నన్ను మాట్లాడనిచ్చినవారు లేరు గనుక ఇప్పుడు వివరముగా మనవి చేసుకొనుచున్నాను.

1. సదరు పరుపుల దుకాణం మా అక్క భర్తది. దుకాణం మీద "ఎలుగుబంటిలా నిద్రపోండి" అని బోర్డు రాయించాడు. బోర్డు కింద నిలబడడానికి ఒక ఎలుగుబంటి కావలసి వచ్చింది. చుట్టాల్లో పనీపాటా లేనివాణ్ణి నేనొక్కణ్ణే కనుక పోటీ లేకుండా నియమితుడనైతిని. దుకాణంలో మిగిలిన దూదంతా వేషంలో కుక్కించారు. తలకాయ మెడ దగ్గర కొక్కేలతో బిగుస్తుంది. జిప్పు వీపు మీద ఉంటుంది, పంజాలకు వేళ్ళు లేవు, అందుచేత ఎవరో ఒకరు దయతలచి లాగితే తప్ప నేను బయటికి రాలేను. ఎలుగుబంటి మాట్లాడకూడదు, కూర్చోకూడదు, నీళ్ళు తాగకూడదు అని నిబంధనలు. నీళ్ళు ఎందుకు తాగకూడదని అడిగితే, "ఎలుగుబంటి గ్లాసెత్తి తాగితే చూసేవాళ్ళు నవ్వరట్రా?" అన్నాడు బావ. నవ్వించడానికే కదా బావా నన్ను పెట్టావు అన్నాను. అప్పటికే తల తగిలించేశాడు, వినపడలేదు.

2. సంఘటన జరిగిన రోజు మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది. దుకాణం ముందు నమూనా కోసం పరిచిన పరుపు మీద ఒక్క నిమిషం అనుకుంటూ కూర్చుంటిని. బోర్డు మీద ఏమి రాసి ఉందో అదే జరిగింది. మా బావ వచ్చి, పరుపులు దులిపే బెత్తంతో నా వీపు మీద ఎడాపెడా బాదాడు. ప్రభువుల ముందు అబద్ధమాడరాదు: ఒక్క దెబ్బ కూడా నాకు తగలలేదు. దూది అంత మందం. పైపెచ్చు, చెయ్యి అందని చోట పొద్దున్నుంచి వేధిస్తున్న దురద ఒకటి దాంతో తీరింది. నన్ను చంపుతున్నది ఎండ, దాహం. కాని అవి వీడియోలో కనపడవు. బెత్తం కనపడింది. ఎదురు మేడ మీదికి కొత్తగా వచ్చిన పళ్ల డాక్టరమ్మ కిటికీలోంచి దాన్ని తీసి, "నడివీధిలో మూగజీవిపై రాక్షసత్వం" అని లోకానికి పంపించింది.

3. గంట తిరక్కుండా జనం పోగయ్యారు. మా వీధి వాళ్లకు నేనెవరో తెలుసు. కాని వచ్చినవాళ్ళంతా వేరే వీధుల వాళ్ళు. టీకొట్టతనికి తెలిసినా, టీలు జోరుగా పోతున్నాయని నోరు మెదపలేదు. మా బావ షట్టరు దించుకొని లోపల రెండు పరుపుల మధ్య దూరాడు. "దగ్గరికి వెళ్లకండి! దెబ్బతిన్న జంతువు, మీద పడుతుంది!" అని వ్యాయామశాల మాస్టారు అందర్నీ దూరంగా ఆపాడు. నేను లోపల్నించి "బాబూ, నేను మనిషినే, కాసిని నీళ్లివ్వండి" అని మొత్తుకున్నాను. తలకాయలోని దూదికి అది మూలుగై బయటికి వచ్చింది. "అయ్యో, ఎలా ఏడుస్తోందో చూడండి!" అని ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు.

తర్వాత మా బావకు శిక్ష ఖరారు చేయడం మొదలైంది. రిటైరైన హెడ్మాస్టరు సాయంత్రం దాకా గోడకుర్చీ అన్నారు. ఉరి అన్నారొకరు. ఉరి తీశాక జరిమానా కూడా వెయ్యాలి, లేకపోతే బుద్ధి రాదు అన్నారు ఆయన పక్కాయన. కోళ్ళ దుకాణం అతను పని మధ్యలో వదిలేసి, కత్తితో సహా వచ్చాడు. "నోరులేని జీవాన్ని కొడతాడా! వాణ్ణి ముక్కలు ముక్కలు కొట్టి తూకం వెయ్యాలి!" అని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ మనిషి కన్నీళ్ళు నిజమైనవేనని ఈ అర్జీ ముఖంగా ధ్రువీకరించుచున్నాను.

అయ్యా, మా వీధిలో ఒక ముసలి కుక్క ఉంది. నేను పని చేసేటప్పుడు నా నీడలో పడుకుంటుంది. తోపులాటలో ఎవరో దాని తోక తొక్కారు. అది కుయ్యిమన్నది. "మూగజీవాలను ప్రేమించండి" అని రాసిన అట్ట పట్టుకున్న కుర్రాడు, "ఛీ, అడ్డం లే!" అని ఆ అట్టతోనే దాన్ని ఒక్కటి వేశాడు. నేను మూలిగాను. నా కోసమే మూలిగాననుకొని మళ్ళీ ఏడ్చారు.

ఇంతలో మా ఆవిడ జనాన్ని తోసుకొని వచ్చి, "తప్పుకోండి, అది మా ఆయన!" అంది.

"పాపం, ఎంత ప్రేమగా పెంచుకుందో!" అన్నారందరూ.

"మూగజీవమా? ఈయనా? ఒక్కరోజు మా ఇంటికొచ్చి వినండి తెలుస్తుంది!" అని ఆవిడ ఎంత అరిచినా, దుఃఖంలో మతి చలించిందని పక్కన కూర్చోబెట్టి విసనకర్రతో విసిరారు. టీ కూడా ఇచ్చారు. నాకు ఇవ్వలేదు.

4. అప్పుడు తమరు దయచేసితిరి. తమ వెంట వచ్చిన పశువుల డాక్టరుగారు దూరం నుంచే చెయ్యి చాచి నా గుండె చూసి, "బాగా నీరసించింది, వెంటనే నీళ్ళు పెట్టండి, నీడకు చేర్చండి, వారం రోజులు విశ్రాంతి" అని చీటీ రాశారు. అయ్యా, ఆ మాటలు విన్నప్పుడు నాకు లోపల ఏడుపొచ్చింది. నేను పుట్టి బుద్ధెరిగాక ఒక ఆఫీసరు నాకు విశ్రాంతి రాయడం అదే మొదలు. బకెట్టు నీళ్ళు మూతి దాకా వచ్చాయి. అరటిపండు వొలిచి నోట్లో పెట్టారు. అంతలో తమరు, మెడ కొక్కేలు చూసి ఎవరో కట్టిన గొలుసనుకొని, జాలితో ఊడదీసితిరి.

"ఓస్, మనిషే!" అన్నాడు కోళ్ళ దుకాణం అతను, కత్తి తుడుచుకుంటూ. జనం పలచబడ్డారు. డాక్టరుగారు చీటీ చింపేశారు. బకెట్టు వెనక్కి పోయింది, గెల వ్యాను ఎక్కింది. "మనిషైతే మా పరిధి కాదు" అని తమరు సెలవిచ్చితిరి. అప్పటికే నోట్లో ఉన్న సగం పండును వదిలేసినందుకు తమకు సర్వదా కృతజ్ఞుడను. చివరికి ఆ ముసలి కుక్క ఒక్కటే మిగిలింది. తల ఉన్నా లేకపోయినా నన్ను గుర్తుపట్టేది అదే. దగ్గరికొచ్చి నా పంజా మీద గడ్డం ఆనించింది.

5. పిమ్మట కార్మికుల ఆఫీసుకు పోయితిని. వీడియో చూచి, "ఇందులో కార్మికుడేడీ? ఎలుగుబంటి కదా ఉంది" అని తమ వద్దకే పొమ్మన్నారు. మనిషినని తమరు, కాదని వారు. నడుమ నాకు దాహం వేయుచున్నది.

కావున వేడుకొనునది ఏమనగా: నన్ను జిప్పు వేసినంతసేపు ఎలుగుబంటిగా నమోదు చేసి, డాక్టరుగారి చీటీ మళ్ళీ రాయించి ఇవ్వవలెను. ఇక మా బావను జైలుకు పంపవద్దు. పంపితే మా అక్క ఇల్లు ఏమవుతుంది? నేను ఖాళీగా తిరిగిన రోజుల్లో నాకు అన్నం పెట్టింది కూడా ఆ బావే. ఆయన చెడ్డవాడు కాడు, ఎన్నడూ వేషం వేసుకోనివాడు, అంతే. కనుక ఒక్క మధ్యాహ్నం ఆయనకు ఈ వేషం తొడిగి, జిప్పు లాగి, ఎండలో నిలబెట్టి, ఆయన నీళ్ళు అడిగినప్పుడు మొదటిసారికి ఎవరికీ అర్థం కాకుండునట్లు ఉత్తరువులు ఇప్పించవలెను. ఇంతకు మించిన శిక్ష వద్దు, ఇంతకు తగ్గినా ఒప్పుకోను.

తమరు తీరిక చేసుకొని, వీలైతే నీడపట్టున కూర్చొని, చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఎలుగుబంటి (పని వేళలలో)

తా.క.: పై అర్జీ పంపేలోగా మా అక్క చదివింది. "దీనికి ఆఫీసరెందుకురా?" అని ఆ మధ్యాహ్నమే బావకు వేషం తొడిగి, జిప్పు లాగి, పుట్టింటికి, అంటే మా ఇంటికి, కబుర్లకు వచ్చేసింది. సాయంత్రం జిప్పు తీస్తే బావ కూజా ఎత్తిన వాడు దించలేదు. మర్నాటికి ఎలుగుబంటికి స్టూలు, గొడుగు, కూజా ఏర్పాటయ్యాయి. ఒకరోజు నేను, ఒకరోజు ఆయన వేషం వెయ్యాలని అక్క తీర్పు. వేషం లేనివాడు దుకాణం చూసుకోవాలి.

ఇంతటితో అర్జీ వెనక్కి తీసుకుందామనుకున్నాను. కాని నిన్న దుకాణం వంతు నాది. ఒక జంట పొద్దున్నుంచి బేరమాడి నా ప్రాణం తోడేసి, చివరికి నమూనా పరుపు చూపించమన్నారు. బయటికి వస్తే దాని మీద ఎలుగుబంటి గుర్రు పెడుతోంది. బెత్తం ఎప్పుడు నా చేతిలోకి వచ్చిందో నాకు తెలియదు. నేను మొదట చూసింది మా బావను కూడా కాదు, ఎదురు మేడ కిటికీ మూసి ఉందా అని చూశాను. మూసే ఉంది.

కుక్క నన్ను చూసి, తోక ముడుచుకొని, లేచి బావకు అవతలి పక్కకు పోయి పడుకుంది.

కొట్టలేదండీ. బెత్తం లోపల పెట్టేసి వచ్చాను. అయినా తమరు ఈ అర్జీని కొట్టివేయవద్దు. నా ఒక్కడిదిగా మాత్రం చూడక ఎలుగుబంటి పేరు మీదే ఉంచండి, లోపల ఎవరున్నా సరే.