నలభై ఒకటో సీనులో జ్వరం

పట్టాంబి,
8 ఆగస్టు 1996, గురువారం.

చిరంజీవి ఉణ్ణికి,

ఆశీస్సులు ఇవ్వాలా వద్దా అని రెండు రోజులు తర్జనభర్జన పడి, ఎంతైనా తమ్ముడివి కాబట్టి ఇచ్చేసి, అక్క తంకమణి రాస్తున్నది. ఇక్కడ మేము క్షేమం. వాన తెరిపి ఇవ్వడం లేదు. మీ బావకి మోకాళ్ల నొప్పులు, అయినా మూడు ఆటలకీ టాకీసు మెట్లెక్కుతూనే ఉన్నారు. నువ్వూ విలాసినీ క్షేమమని వారపత్రికలో ఫొటో చూసి తెలుసుకున్నాను. ఒళ్లు చేశావు.

ఇక అసలు సంగతి. మొన్న మంగళవారం నీ కళాదర్శకుడు పౌలోస్ మా ఇంటికి వచ్చాడు. ఓనం వెళ్లాక షూటింగు మొదలవుతుందట. సెట్లో వేసే వంటిల్లు అచ్చం అక్క వంటిల్లులా ఉండాలని నువ్వు చెప్పి పంపావట. టేపు పెట్టి పొయ్యి ఎత్తు కొలిచాడు, కిటికీ ఊచలు లెక్కపెట్టాడు, నేను కత్తిపీట పెట్టుకునే మూలకి కూడా బొమ్మ గీసుకున్నాడు. అమ్మా, ఈ మసి మరకలు కడక్కండి, నాకు వీటి ఫొటోలు కావాలి అన్నాడు. ఇరవై ఏళ్లుగా ఆ గోడకి సున్నం కొట్టించమని మీ బావని పోరుతున్నాను. ఇక ఆ ఆశా పోయింది.

మనిషి మంచివాడే. కర్రపెండలం ఉడకబెట్టి చేపల పులుసు పోస్తే రెండుసార్లు అడిగి తిన్నాడు. తిన్నాక బావి దగ్గర స్నానానికి వెళ్లాడు. అరుగు మీద ఫైలు వదిలేసి వెళ్లాడు. దాని మీద నీ చేతిరాత. చదివాను. చదవొచ్చా అని నన్ను అడక్కు. నా ఇంట్లో నా అరుగు మీద ఉన్నది నేను చదువుతాను.

పన్నెండో సీనులో ఒక అమ్మాయి టైపిస్టు ఇంటర్వ్యూకని మద్రాసు వెళ్తుంది. స్టూడియోలో గుంపు డాన్సు చేసే పిల్లకి ఆటలమ్మ పోస్తే, అక్కడ పనిచేసే తమ్ముడు ఈ అమ్మాయిని లాక్కెళ్లి నిలబెడతాడు. పదకొండు రోజులు చేస్తుంది. పందొమ్మిదో సీనులో ఎవరికీ చెప్పనని తమ్ముడు అమ్మ మీద ఒట్టేస్తాడు. అక్కడ ఆగి, రాత నీదేనా అని మళ్లీ చూసుకున్నాను. నలభై ఒకటో సీనులో, పెళ్లయిన ఆర్నెల్లకి ఆ సినిమా వాళ్ల ఊరు వస్తుంది. మొగుడు ఆ టాకీసులోనే ఆపరేటరు. సినిమాకి రమ్మంటాడేమోనని ఆమె వారం రోజులు దొంగ జ్వరంతో పడుకుంటుంది. ఆయన ఆటకి వెళ్లేముందు నుదుటి మీద తడిగుడ్డ వేసి వెళ్తాడు.

అంతలో పౌలోస్ తల తుడుచుకుంటూ వచ్చాడు. ఫైలు మూసేశాను. చివర్లో ఆ మొగుడు ఏం చేస్తాడో చూడలేకపోయాను. వెళ్లగొడతాడా? కొడతాడా? నువ్వు ఏం రాసి ఉంటావోనని అప్పటినుంచి అన్నం సహించడం లేదు.

మద్రాసు సంగతి నీకు తెలుసు. నన్ను లాక్కెళ్లింది నువ్వే, ఒట్టేసిందీ నువ్వే. సినిమాలో గంతులేసిందని తెలిస్తే మేనమామ నన్ను బావిలోకి తోసేవాడు, ఏ సంబంధమూ గడప తొక్కేది కాదు. అందుకే ఒట్టేయించుకున్నాను. అది నువ్వు తప్పావు, సరే, దానికి నిన్ను వేరే తిడతాను. కానీ జ్వరం సంగతి నీకు ఎవరు చెప్పారు? అప్పుడు నువ్వు మద్రాసులో క్లాపు పలక పట్టుకుని ఉన్నావు. ఇంట్లో ఉన్నది మేము ముగ్గురం. అత్తగారు పోయింది. మీ బావకి అది నిజం జ్వరమే. అది దొంగ జ్వరమని ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు. ఆ గుడ్డ ఎక్కడిది ఉణ్ణీ నీకు?

నాకు అనుమానం ఈనాటిది కాదు. నీ సంగతి మొదటినుంచీ చూస్తూనే ఉన్నాను. ఆరేళ్లు క్లాపు కొట్టావు. నాలుగేళ్లు పరాయి సినిమాలకి పేరు లేకుండా మాటలు రాశావు. సొంతంగా మొదటి సినిమా తీస్తే నాలుగు రోజులు ఆడింది. అప్పుడు మా వసారాలో పదిహేను రోజులు గోడవైపు తిరిగి పడుకున్నావు, గంజి పోసింది నేను. మీ బావ నీ పక్కన కూర్చుని ఏ సీనులో జనం బీడీలకి లేచారో, ఎక్కడ నవ్వారో ఒక్కొక్కటే చెప్పారు. అప్పటినుంచి సినిమా ఎవరిదైనా సరే, శుక్రవారం శుక్రవారం టాకీసుకి ఫోను చేసి జనం ఎక్కడ నవ్వారని ఆయన్ని అడుగుతూనే ఉన్నావు. రెండో సినిమాకి రాష్ట్ర బహుమతి వచ్చింది. ఆ తర్వాత కోళిక్కోడ్ లాడ్జిలో రాసుకోవడానికి గది, గది బయట నిర్మాతల వరస. ఇంటి గుట్టు తెలిసిన దర్శకుడని పేపర్లు పొగుడుతున్నాయి. ఎవరింటి గుట్టో మాత్రం రాయడం లేదు.

మూడో సినిమాలో ముసలామె అరటికాయ చిప్సు దిండు గలీబులో దాచుకుంటుంది. అది మా అత్తగారు. సినిమా రాకముందే ఆవిడ కన్నుమూసింది కాబట్టి నువ్వు బతికిపోయావు. ఐదో సినిమాలో పెళ్లాంతో గొడవపడిన మొగుడు ఆవుతో మాట్లాడతాడు. అమ్మిణీ, నాకు ఆకలేస్తోందని లోపలున్నావిడకి చెప్పవే అంటాడు. అమ్మిణి మా ఆవు. పేరైనా మార్చలేదు నువ్వు. హాలంతా పడీపడీ నవ్వింది, నేను తల వంచుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చి మీ బావని అడిగితే, ఉణ్ణి బుర్ర పాదరసమే, ఎక్కణ్ణుంచి పుట్టిస్తాడో అన్నారు.

అప్పుడే నేను పరీక్ష పెట్టాను. ముందు అనుమానం నీ పెళ్లాం మీద. విలాసిని ఓనానికి వచ్చినప్పుడు, మా బియ్యం డబ్బాలో పాము కనిపించిందని అబద్ధం చెప్పాను. మా శ్రీకలకి ఇంకొక అబద్ధం, మీ నాన్న నిద్రలో ఇంగ్లీషు మాట్లాడుతున్నారే అని. పాలు తెచ్చే కార్త్యాయనికి మూడోది చెప్పాను, అది నీకు రాయకూడదు. ఎవరి అబద్ధం తెర మీదకి వస్తే వాళ్లే దొంగ అనుకుని, తర్వాత వచ్చిన నీ రెండు సినిమాలూ కళ్లలో ఒత్తులు వేసుకుని చూశాను. పాము రాలేదు, ఇంగ్లీషు రాలేదు. విలాసినికి మాత్రం మా ఇంట్లో బియ్యం తీయాలంటే ఇప్పటికీ వణుకు.

మీ బావకి ఏ పరీక్షా పెట్టలేదు. ఆయన మీద అనుమానమేమిటి? సినిమా ఎలా ఉందండీ అంటే, మిషనులో కార్బన్ కడ్డీ బాగా మండింది అనే మనిషి. ఆయన చూపు జనం మీదా, మిషను మీదే తప్ప తెర మీద ఉండదని ఆయనే అంటారు. ఆ మాట నమ్ముకునే నేను ఇన్నేళ్లూ బతికాను.

అందుకే చెప్తున్నాను. ఈ సినిమా తీస్తే మన ఊళ్లో దాన్ని వేసేది ఎవరు? మీ బావే. తన చేత్తో రీలు ఎక్కించి, తన పెళ్లాం తనతో పాతికేళ్లు అబద్ధమాడిందని వారానికి ఇరవై ఒక్క ఆటలు ఊరందరికీ చూపించాలి. మసి గోడతో సహా మా వంటిల్లు దిగుతుంటే ఎవరిదో గుర్తుపట్టలేరా? నా మీద ఆయన ఏనాడూ గొంతు పెంచలేదు. అలాంటి మనిషి ముందు అబద్ధాలకోరులా నిలబడే ఓపిక నాకు లేదు. నీకు కథలు కావాలంటే విలాసిని పుట్టింట్లో బోలెడున్నాయి, అక్కడ తవ్వుకో. దీన్ని ఆపు. ఆపకపోతే ఓనానికి ఈ గుమ్మం ఎక్కకు.

జ్వరం సంగతి ఎవరు చెప్పారో వెంటనే రాయి. ఉత్తరం ఇంటికి కాకుండా శ్రీకల అడ్రసుకి రాయి.

ఇట్లు,
ఇంకా నీకు అక్కనే అనుకుంటున్న
తంకమణి.

తా.క. ఇది శనివారం మధ్యాహ్నం రాస్తున్నాను.

నిన్న మ్యాట్నీకి వెళ్తూ పోస్టులో వెయ్యమని ఈ కవరు మీ బావకి ఇచ్చాను. ఇందాక చాయ్ తాగుతూ చొక్కా జేబులోంచి తీసి బల్ల మీద పెట్టారు. విప్పలేదు. ఇంత లావుందంటే ఉణ్ణిని తిట్టావన్నమాట, పౌలోస్ వచ్చి వెళ్లినప్పట్నుంచీ నీ మొహం చూస్తూనే ఉన్నా అన్నారు. తిట్టేదేదో నన్ను తిట్టు, ఆ కథ వాడికిచ్చింది నేనే అన్నారు.

పీట మీద కూర్చున్నాను.

నాకు పెళ్లి సంబంధాలు చూడకముందు ఆయన త్రిశ్శూరులో రెండో ఆపరేటరట. నేను డాన్సు చేసిన ఆ సినిమా రీళ్ల పెట్టె వెంట నువ్వు వచ్చావట. ఆయన గదిలో కూర్చుని, తొమ్మిదో రీల్లో పాట వస్తుంటే ఉండబట్టలేక, ఆ మూడో అమ్మాయి మా అక్క అన్నావట. మరుక్షణం ఆయన చేతులు పట్టుకుని, అన్నా, ఎవరితో అనకు, మా మామ నన్ను నరికేస్తాడు అన్నావట. అంటే నీ ఒట్టు ఏడాది కూడా నిలవలేదు. రెండు వారాలు ఆ సినిమా వేసి, మూడో వారం ఆయన తన మామయ్యని మనింటికి పంపారు. జాతకాలు కలిసి కుదిరిన సంబంధమని నేను ఇన్నేళ్లూ అందరికీ చెప్పుకుంటున్నాను.

మరి నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను. ఏడుస్తూనే అడిగాను. నువ్వే చెప్తావని చూశా, మొదటి ఏడాదే చెప్తావనుకున్నా అన్నారు. జ్వరమని పడుకున్నావు చూడు, నుదుటి మీద చెయ్యేస్తే చల్లగా ఉంది. నాకు తెలుసని తెలిస్తే సిగ్గుతో ఏమైపోతావోనని భయమేసి గుడ్డ తడిపి వేసి వెళ్లిపోయా. నువ్వు దాచేకొద్దీ నాకు నోరు పెగల్లేదు. ఈ క్రిస్మస్ వెళ్లాక టాకీసు మూసి కల్యాణమండపం చేస్తారట. నేను వేసే ఆఖరి సినిమా ఇదే కావాలని ఉణ్ణిని బతిమాలా. నోటితో చెప్పడం నాకు చేతకాలేదు తంకం అన్నారు.

అమ్మిణి సంగతీ, మా అత్తగారి చిప్సు సంగతీ కూడా శుక్రవారం ఫోన్లలో చేరవేసినవేనట. ముందు నాకు ఒళ్లు మండిపోయింది. పాతికేళ్లు నేనొక్కదాన్నే భయపడుతూ బతికాను, మీరిద్దరూ కలిసి చూస్తూ కూర్చున్నారు. ఆ తర్వాత ఆయన మొహం చూస్తే, ఆయనా భయపడుతూనే బతికారని తెలిసింది. సినిమా చివర్లో ఆ మొగుడు ఏం చేస్తాడని అడిగాను. ఏం చేస్తాడు, మ్యాట్నీకి టైమైందని వెళ్తాడు అన్నారు.

చెప్పులు వేసుకుంటుంటే ఆపి ఇంకొకటి అడిగాను. ఇంతకీ ఎలా చేశాను అన్నాను. ఆలోచించను కూడా లేదు. బాగానే చేశావు, కానీ రెండో చరణంలో అందరూ ఎడమకి తిరిగితే నువ్వు కుడికి తిరిగావు అన్నారు. అక్కడా ఇక్కడా కలిపి అరవై మూడు ఆటలు చూశా, ఒక్కసారైనా ఎడమకి తిరుగుతావేమోనని, ప్రతిసారీ కుడికే తిరిగావు అన్నారు. అని నవ్వారు ఉణ్ణీ. ఆయన అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

పై ఉత్తరం చింపడం లేదు. ఆ తిట్లు నీకు రావలసినవే, వరసగా చదువుకో. ఓనానికి రండి. విలాసినికి పాము అబద్ధమని చెప్పు. సినిమా తియ్యి, గోడ మసితో సహా తియ్యి. నా వేషం వేసే పిల్ల పెద్ద డాన్సరై ఉంటుంది, అన్ని అడుగులూ సరిగ్గా పడతాయి. పడనీ. రెండో చరణంలో మాత్రం దాన్ని కుడికే తిప్పించు.