ఎనిమిదో గడిలో రూత్ పేరు

గౌరవనీయులైన సమన్వయాధికారి గారికి,
బడుల కంప్యూటరు భాషా పథకం, కర్నూలు.

ఆదోని నుండి కంప్యూటరు ఉపాధ్యాయుడు హనుమంతరావు వ్రాసుకొను అర్జీ.

విషయం: 'గింజ' ప్రోగ్రామింగ్ భాష ఫైళ్ళకు ప్రామాణిక మీడియా రకాలు తెలుపు పత్రంలో, ఎనిమిదో గడి 'సంప్రదించవలసిన వ్యక్తి' అనుచోట కుమారి రూత్ పేరు తొలగించి నా పేరు చేర్చుట గురించి.

అయ్యా,

1. బడిపిల్లలు తెలుగులో ప్రోగ్రాములు రాయడానికి గింజ భాష వాడుతున్న సంగతి తమకు విదితమే. సర్వరు ఒక ఫైలును పంపేటప్పుడు, అది ఏ రకం ఫైలో ముందుగా ఒక మాట చెబుతుంది. ఆ మాటే మీడియా రకం. అది సరిగా లేక కోడుమూరు పిల్లల ఫోన్లలో పాఠం తెరుచుకోకుండా డౌన్‌లోడ్ అయి ఊరుకునేది. చిప్పగిరిలో తెరుచుకునేది గాని, తెలుగు అక్షరాలన్నీ పిచ్చిగీతలయ్యేవి.

2. పదకొండు బడుల సర్వర్లను స్వయముగా పరిశీలించి, ఒకే గింజ ఫైలుకు మీడియా రకంగా ఏడు వేర్వేరు పేర్లు వాడుతున్నారని కనుగొన్నది ఈ అర్జీదారుడే. ఏడింటిలో ఒకటి ప్రామాణికమని, తక్కిన ఆరు పాతబడినవని, పాతవి వచ్చినా కాదనక కొత్తదానిగానే ఎంచవలెనని పత్రం రెండో గడిలో వ్రాసినదీ నేనే. పోయిన వేసవి సెలవులన్నీ దీనికే సరిపోయాయి. మా ఆవిడ కమలాబాయి మంత్రాలయం పోదామని నాలుగుసార్లు అడిగింది. పోలేదు.

3. కుమారి రూత్ ఎమ్మిగనూరు బడిలో కంప్యూటరు ఉపాధ్యాయురాలు. పదేళ్ళ క్రితం నా దగ్గరే చదువుకున్నది. కీబోర్డు మీద తెలుగు కొట్టడం ఆమెకు నేర్పింది నేను.

4. పత్రంలో ఆరో గడి 'భద్రతా విషయాలు'. ఇరవై రెండేళ్ళ సర్వీసులో, ఏం రాయాలో తోచని గడి కనిపిస్తే 'నిల్' అని రాయడం నాకు అలవాటు. మన ఆఫీసుల్లో ఎవరికి లేదు గనుక? ఇక్కడా అదే రాశాను. సమీక్షా సంఘం పత్రాన్ని తిప్పి పంపింది. అప్పుడు రూత్ ఫోన్ చేసి, "సార్, నిల్ అంటే ఎట్ల సార్? గింజ ఫైలంటే ఫోటో మాదిరి చూసి పక్కన పెట్టేది కాదు గదా. తెరిస్తే దానంతటదే పని చేస్తాది. ఎవరో తెలియనోళ్ళు పంపింది తెరిస్తే పిల్లోళ్ళ ఫైళ్ళన్నీ తుడిచేసి పోతాది" అన్నది. "అయితే నువ్వే రాయమ్మా" అన్నాను. అది కోపంతో అన్న మాట. ఆమె నిజంగానే రాసింది. రెండు రోజుల్లో ఒకటిన్నర పేజీ. పత్రం ఆమోదం పొందింది, భద్రత సంగతి అడిగితే చెప్పగలది ఆమేనని సంఘంవారు ఎనిమిదో గడిలో ఆమె పేరు చేర్చారు.

5. తదాదిగా ఆదోని బజారులో ఎదురైన ప్రతివాడూ, "రూత్ మేడం మీ స్టూడెంటంట గదా సార్, ఎంత పేరు తెచ్చినాది మీకు!" అంటున్నాడు. నవ్వాలి. నవ్వుతున్నాను. బయటి రాష్ట్రాల నుంచి గింజ గురించిన సందేహాలన్నీ ఆమెకే వెళ్తున్నాయి. వాటిలో చాలావాటికి జవాబు నేను రాసిన రెండో గడిలోనే ఉంది. కమలాబాయి కూడా "మీ శిష్యురాలే గదా, సంతోషపడరాదా?" అంటుంది. సంతోషపడుటకు ప్రయత్నించి విఫలమైనట్లు ఇందుమూలముగా తెలియజేయడమైనది.

6. ఇది కడుపుమంట అని తమరు అనుకోవచ్చును. కడుపుమంటే. దానికి వేరే గడి లేనందున ఇక్కడ వ్రాయడమైనది.

7. ఈ నెల ఇరవయ్యో తేదీన పత్రం ఖరారవుతుంది. ఆ తర్వాత పేరు మార్చడం కుదరదని తెలిసింది.

కావున పై విషయములు తమరు దయతో చిత్తగించవలెను. ఇరవయ్యో తేదీ లోపల చిత్తగించిన మరీ మంచిది.

ఇంకెవరి మీదా ఏ ఫిర్యాదూ లేని,
తమ విధేయుడు,
హనుమంతరావు.

తా.క.: ఈ అర్జీ పట్టుకుని కర్నూలు దాకా పోయాను. తమ ఆఫీసులో టపాలు తీసుకునే గుమాస్తా శేషప్ప పైనుంచి కిందిదాకా చదివి, "గింజ పత్రం గురించి ఎవరేం రాసినా, ఎనిమిదో గడిలో ఉండే మనిషి చదివి సంతకం పెట్టి పంపాల సార్. రూలు. ఆయమ్మ దగ్గరికే పోండి" అని తిరిగిచ్చాడు. తిరుగు బస్సులో ఎమ్మిగనూరులో దిగి, బడి గేటు ముందు నిలబడి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

అమ్మా రూత్, అధికారి కన్నా ముందు నువ్వే చదువుతావు కాబట్టి నీకే చెబుతున్నాను. నీ ఒకటిన్నర పేజీ ఐదుసార్లు చదివాను, ఏదైనా తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు. పిల్లల ఫైళ్ళు పోతాయన్న ఆలోచన నాకు రానే రాలేదు, నా బాధ అదీ. నువ్వు నన్ను ఒక్క మాట అనకుండా 'సిఫారసు చేయడమైనది' అని రాసి సంతకం పెడతావు. నీ సంగతి నాకు తెలుసు. నీ చోట నేనుండి, ఇట్లాంటి అర్జీ నా చేతికొస్తే, ఇరవయ్యో తేదీ దాటేదాకా సొరుగులో పెట్టి ఉంచేవాణ్ణి.