తెల్లమడుల పిల్లకు ఇంటిపేరు

ఆస్తి సంగతి తర్వాత. ముందు నా గొడవ. నాలుగేళ్లుగా కడుపులో పెట్టుకున్నాను. నేను పెంచిన మనవరాలు సింధూరి పిల్లల కోసం ‘తెల్లమడుల పిల్ల’ అని ఒక మాయల నవల రాసింది. కథ నాది. మా నాయనమ్మ నాకు చెప్పింది, నేను దానికి చెప్పాను. సముద్రం ఉప్పుతో ఒక ఆడపిల్లను చేసి ఉప్పుమడి గట్టున వదిలేస్తుంది. ఒక ముసలాడు తెచ్చి పెంచుకుంటాడు. చివర్న సముద్రం వచ్చి రమ్మంటుంది. సింధూరి పుస్తకంలో ఆ పిల్ల వెళ్లిపోతుంది. ముసలాడు గట్టు మీద నిలబడి చూస్తాడంతే, నోరు మెదపడు. ఆ ముసలాడు నేనేనని ఊరంతా అంటున్నారు. నేను వెళ్లమన్నానా?

ఈ ముక్క తీసెయ్యమని దస్తావేజు రాస్తున్న ఈశ్వర్ బతిమాలాడు. “వీలునామా ఇలాగ మొదలెట్టకూడదు మావా, రిజిస్ట్రారాఫీసులో నవ్వుతారు” అన్నాడు. “నవ్వనీరా. సచ్చేవోణ్ణి నేను, ఆళ్లు కాదు. రాయి” అన్నాను.

శ్రీకాకుళం జిల్లా నౌపడ కాపురస్తుడు, సనపల జగన్నాధం అనే నాకు వయస్సు డెబ్బై ఎనిమిది. మోకాళ్లు పోయాయి గాని బుర్ర చెడలేదు. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ తాగించలేదు. నా తదనంతరం నా స్వార్జితం ఈ కింది విధంగా చెందవలెను.

1. నా కొడుకు రమేష్‌బాబుకు పెంకుటిల్లు, రెండెకరాల ముప్పై సెంట్ల వరిపొలం, సర్వహక్కులతో. ఇల్లు కారుతుందని నా శవం దగ్గర గొణగవద్దు. పెంకులు నేయించమని పదేళ్లుగా చెబుతున్నాను.

2. నా తోటి ఉప్పు కూలీ గురమ్మకు నేను ఉప్పు లాగే చెక్క, రెండు గంపలు. ముప్పై ఏళ్లు నాతో మడుల్లో దిగింది. “నీ సెక్కా వంకరే, నీ బుద్దీ వంకరే” అని రోజూ తిట్టేది. ఇక ఆ వంకర చెక్కతో తనే లాగి చూసుకోవాలి.

3. ఉప్పుమడుల పక్కన నలభై సెంట్ల జిరాయితీ భూమి, అందులో తాటాకు పాక, నా భార్య కీ.శే. జగ్గమ్మ పొందూరు చీర: ఇవి ............ సింధూరికి.

పేరు ముందు ఖాళీ ఎందుకో రాస్తాను. ఉప్పు కూలికి ఒడిశా నుంచి వచ్చిన ఒక తల్లి జ్వరంతో పోతే, మూడేళ్ల పిల్లను జగ్గమ్మ ఈ చీరలోనే చుట్టి ఇంటికి తెచ్చింది. బడిలో వేసేటప్పుడు మా ఇంటిపేరు రాయిద్దామంది. “ఊరూ పేరూ తెలీని పిల్లకి మన ఇంటిపేరేటి నాన్నా? రేపు ఆళ్లోళ్లొస్తే?” అన్నాడు రమేష్. నేను మాట్లాడలేదు. ఉత్త సింధూరి అని రాసుకున్నారు.

కథ దగ్గరా అంతే చేశాను. మధ్యాహ్నాలు మడిలో నీరు చిక్కబడేదాకా పాకలో కూర్చుని చెప్పేవాణ్ణి. సముద్రం పిలిచే చోటికి రాగానే “పిల్ల ఎలిపోద్దా తాతా?” అని నా పంచె పట్టుకునేది. “నీరు సిక్కబడింది, లెగవే, ఉప్పు లాగాల” అని లేచిపోయేవాణ్ణి. ముగింపు ఒక్కసారీ చెప్పలేదు. ‘వెళ్లదు’ అని చెప్పాక దాని వాళ్లు నిజంగా వస్తే నా మాట అబద్ధమవుతుందని భయం. ఇన్నేళ్లలో ఎవరూ రాలేదు.

పుస్తకం నాలుగు నెలలు కూడబలుక్కుని చదివాను. ముసలాడు నోరు మెదపని పేజీ దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. సింధూరి అబద్ధం రాయలేదు. తప్పు ఒప్పుకోవడం నాకు చేతకాదు గనక మిగతా కథ రాయిస్తున్నాను. మా నాయనమ్మ కథలో పిల్ల వెళ్లదు. ముసలాడు అడ్డం నిలబడి “ఇది నా పిల్ల” అంటాడు. సముద్రం తిరిగిపోతుంది. ఏటేటా మడుల్లో మిగిలే ఉప్పు ఆవిడ కూతురికి పంపే సారె.

సింధూరికి మన ఇంటిపేరు ఇస్తానని రమేష్‌కు చెప్పేశాను. “ఇప్పుడెందుకు నాన్నా?” అన్నాడు. “అప్పుడు నీ మాట ఇన్నాన్రా. ఇంక నువ్విను” అన్నాను.

సింధూరీ, దీని నకలు విశాఖపట్నం నీ చిరునామాకు పంపుతున్నాను. అసలు డిసెంబరు 10, బుధవారం రిజిస్టరు చేయిస్తాను. ఆ ఖాళీలో సనపల అని రాయించనా, అడ్డగీత గీయించనా? గీత గీసినా భూమి నీదే, చీర నీదే, అందులో బేరం లేదు. నా మొహం చూసి మొగమాటానికి ఒప్పుకోవద్దు. మాట్లాడకుండా మాత్రం ఊరుకోవద్దు. ఆ రోజు పదిన్నరకు ఆఫీసు తెరుస్తారు. ఆ లోపల ఔనో కాదో చెప్పు.

నౌపడ,
17 నవంబరు 2025.

(సంతకం) సనపల జగన్నాధం

సాక్షులు:
1. మోహనకృష్ణ, కిరాణా వర్తకం, నౌపడ
2. హేమ, పక్కింటి కాపురస్తురాలు, నౌపడ

దస్తూరి: ఈశ్వర్