కృపకు ఆరు వారాలు

జూన్ 9, సోమవారం

కృప మూడో రోజూ ఏమీ ముట్టలేదు. పాలు — లేదు. ఎండుచేప — వాసన చూసి మొహం తిప్పుకుంది. పెదవి ఎత్తి చూశాను. చిగుళ్ళు సున్నం కొట్టినట్టున్నాయి. బొగ్గు పక్కనే కూర్చుని దాని నెత్తి నాకుతోంది. తెల్లపిల్లికి పేరు నేను పెట్టాను, నల్లదానికి మా ఆయన. ముప్పై ఏళ్ళు గనిలో చేసినవాడు ఇంకేం పెడతాడు.

"కృప తగ్గిపోతున్నదని ఆదివారం చెప్పకు ప్రసంగమ్మా, సంఘం బెదురుతది" అంటాడు. షెడ్డులో ఆదివారం ప్రసంగం చెప్పేది నేనే మరి.

నవ్వాను. తర్వాత దాని పక్కటెముకలు చేతికి తగిలాయి.

ఇల్లందు పశువుల దవాఖానాలో — "గేదెలకైతే చూస్తం. పిల్లికి ఖమ్మం పోవాలె."

చేయి ఉంచి ప్రార్థన చేశాను. రేపు ఖమ్మం.

జూన్ 10

బైబిలు వేసుకునే సంచిలో కృప. కూరగాయల సంచిలో బొగ్గు. కండక్టరు — "సంచిల ఏందమ్మా?" "కృప" అన్నాను. అంతలో బొగ్గు అరిచింది, బస్సంతా నవ్వింది.

డాక్టరమ్మ చిన్నపిల్ల. చెయ్యి మాత్రం నిబ్బరం. ఒక చుక్క రక్తం, అరచేతంత ప్లాస్టిక్ పలక, పది నిమిషాలు. కృప పలక మీద రోగం చుక్క నీలంగా తేలింది. బొగ్గుకు తేలలేదు.

"లుకేమియా వైరస్ అమ్మా. రక్తంల పడుతది. మనుషులకు రాదు, భయపడకు. పిల్లి నుంచి పిల్లికే — నాకితే, ఒక్క గిన్నెల తింటే."

"బతకదా?"

"ఒక్క టెస్టుతోటి తీర్పు చెప్పొద్దు. కొన్ని పిల్లులు వైరస్‌ను అణిచేస్తయ్. ఆరు వారాలు రెంటినీ వేరువేరుగ పెట్టు. మళ్ళ చూద్దాం."

తీర్పు. ప్రతి ఆదివారం నా నోట్లో ఉండే మాట. ఆ పిల్ల దాన్ని నా నోట్లోంచి తీసి బల్ల మీద పెట్టినట్టుంది.

జూన్ 11

ఉన్నది ఒక గది, ఒక వంటిల్లు. కృప వంటింట్లో, తలుపు మూసి. బొగ్గు బయట గీకుతూ, ఏడుస్తూ. మధ్యాహ్నానికి చప్పుడు ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. తలుపు తీస్తే — రేకుల సందులోంచి దూరి, కృపను చుట్టుకుని, దాని చెవి నాకుతోంది.

జూన్ 12

సందుకు గోనెపట్ట కొట్టాం. చించుకుని దూరింది.

లేఖనంలో పిల్లి ఎక్కడుందో వెతికాను. సింహం ఉంది, నక్క ఉంది, కుక్క ఉంది. గాడిద మాట్లాడింది కూడా. పిల్లి లేదు. ఇన్నేళ్ళుగా చదువుతున్నా గమనించలేదు.

జూన్ 14

బొగ్గును ఆరు వారాలు ఉంచుకోమని మూడిళ్ళు అడిగాను. అందరూ సంఘస్థులే.

ఒకామె — "నల్లపిల్లి వద్దక్కా, మంచిది గాదు." విశ్వాసులకు శకునాలేందని అక్కడే కడిగేశాను. తలుపేసుకుంది.

ఇంకొకామె — "రోగమున్నదాన్ని సంచిల ఏసి అడవిల ఇడిచిపెట్టున్రి. ఇంట్ల పెట్టుకునుడేంది?"

"నీకు జరమొస్తే నిన్నూ అడవిలో విడవమంటావా" అన్నాను. ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చాక కూడా తగ్గలేదు… తర్వాత తగ్గింది. విడిచిపెట్టమన్న ఆ గొంతు ఎక్కడో విన్నట్టుంది.

జూన్ 15, ఆదివారం

ఆ గొంతు నాదే.

కుష్ఠు గురించిన అధ్యాయం తీశాను. ఎన్నిసార్లు చెప్పానో. రోగిని ఊరవతల పెట్టాలని — పాళెం వెలుపల, పాళెం వెలుపల — బల్ల గుద్ది. ఈ రోజు వేలు పెట్టి మెల్లగా చదివాను. యాజకుడు ఏడు రోజులు వేరుగా ఉంచుతాడు. ఏడో రోజు చూస్తాడు. తేలకపోతే ఇంకో ఏడు. మళ్ళీ చూస్తాడు. చూడాలి, చూడాలి అని ఎన్నిసార్లుందో పెన్సిలుతో గీత పెడుతూ పోయాను. పేజీ నిండిపోయింది. ఒక్క గీత గురించీ నేను ఎప్పుడూ ప్రసంగించలేదు.

మా సంఘంలోని సుశీల ప్రార్థనకు రావడం మానేసిన ఆదివారం నేను చెప్పింది ఈ అధ్యాయమే. ఆమెకు అప్పుడు టీబీ.

ప్రసంగం చెప్పలేదు. పాటలు పాడించాను. "ఇయ్యాల గొంతు పోయిందా?" అన్నాడు మా ఆయన. అవ్ అన్నాను.

జూన్ 17

సుశీల ఇల్లు. రెండు వీధులే. మిషను కుడుతోంది, కాలు ఆపలేదు.

"ఏందక్కా, ఇటు తొవ్వ దొరికిందా?"

ముందు పిల్లి సంగతే చెప్పాను. పిరికిదాన్ని. అంతా విన్నది.

"ఆర్నెల్లు మందు మింగిన. తెమడల ఏం లేదని కాయితమిచ్చిన్రు. ఆ కాయితం పట్టుకొని ఒక ఆదివారం మళ్ళ మీ షెడ్డుకొచ్చిన. తలుపుకాడ కూసొమ్మన్నరు. గాలి బాగుంటదన్నరు."

గుర్తుంది. సరిగ్గా అదే మాట.

"తప్పు చేశాను సుశీలా."

జాకెట్టు చేతి చివరిదాకా కుట్టింది. దారం కొరికింది.

"నల్లదాన్ని తీస్కరా. నా ఇంట్ల ఎలకలున్నయ్."

జూన్ 18

బొగ్గు వెళ్ళింది. కృప రేకుల సందు వైపే చూస్తూ…

జూన్ 26

డాక్టరమ్మ కృపకిచ్చిన మాత్ర ఎండుచేపలో. చేప తిన్నది, మాత్ర ఉమ్మింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఉమ్మింది. మూడోసారి మింగింది. స్తోత్రం.

జులై 6, ఆదివారం

సుశీల వచ్చింది. పాట మధ్యలో చూశాను — తలుపు దగ్గర, చెప్పుల పక్కన.

"లోపలికి రా" అన్నాను.

"ఈడ గాలి బాగుందక్కా."

అందరూ వింటున్నారు. బైబిలు తీసుకుని వెళ్ళి ఆమె పక్కన, గడప మీద కూర్చున్నాను. అక్కడి నుంచే చెప్పాను. అందరూ చాపల మీద ఇటు తిరిగి కూర్చున్నారు. ఎన్నడూ అంత తక్కువ గొంతుతో మాట్లాడలేదు. అందరికీ వినిపించిందట.

జులై 13

కృప మా ఆయన గని టోపీలో పడుకునేది. ఈ రోజు ఎక్కితే ఒళ్ళు బయటికి పొర్లింది. "టోపీ ముడుచుకపోయింది" అంటాడు. టోపీ ముడుచుకోలేదు.

జులై 22, మంగళవారం

ఖమ్మం. నా ఒళ్ళో కృప సంచి, సుశీల ఒళ్ళో బొగ్గు సంచి.

బొగ్గుకు మళ్ళీ ఏమీ తేలలేదు. కృపకు — చుక్క ఉంది. కానీ మసక. ఉందంటే ఉంది, లేదంటే లేదు. డాక్టరమ్మ పలకను కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పింది.

"చిగుళ్ళు ఎర్రబడ్డయ్, బరువు పెరిగింది. మంచిదే. కానీ ఈ చుక్కను నమ్మి ఏం చెప్పలేనమ్మా. రక్తం హైదరాబాద్ ల్యాబుకు పంపుత. వారం."

ఏడు రోజులు. నా పెన్సిలు గీతలన్నీ గుర్తొచ్చాయి.

తిరుగు బస్సులో సుశీల సంచి జిప్పులోంచి నల్ల పంజా బయటికొచ్చింది. నా సంచి వైపు గాల్లో తడుముతోంది. కృప లోపల మెదిలింది.

"ఇంకొక్క వారమే" అంది సుశీల, ఎవరితోనో. పంజాను పట్టుకుని లోపలికి తొయ్యలేదు. నేనూ సంచి పక్కకు జరపలేదు — మధ్యలో జానెడు దూరం ఉంచి, ఇల్లందు దాకా అలాగే చూస్తూ కూర్చున్నాం.