నేను రాసిన ఆదరణ

1983 ఆగస్టు 9
సునీత లేదు. భూస్థాపన అయిపోయింది. దానికి ఏజెన్సీ బడిలో కొత్త ఉద్యోగం, చలిజ్వరం... జీపులో విశాఖ తీసుకెళ్తుంటే దారిలోనే, నా ఒళ్లో. నాకున్న ఒక్క పిల్ల. ఇంతకు మించి రాయలేను. ఊళ్ళోవాళ్ళ చావుల మీద మాత్రం పేజీలు పేజీలు రాశాను.

ఆగస్టు 11
ఆయన బడికి వెళ్ళిపోయారు. "ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను?" అన్నారు. పప్పు మాడింది. అదే తిన్నాం.

ఆగస్టు 14
ఆదరణ కూటం, ఇంట్లోనే. చర్చి నుంచి చాపలు వచ్చాయి. పాస్టరుగారు లేచి నేను రాసిన 'ఆదరణ' పుస్తకమే తీశారు. ఈ చుట్టుపక్కల ఏ విశ్వాసి పోయినా కూటంలో చదివేది అదే. పోయినవాళ్ళ పేరు చదవాల్సిన చోట చుక్కలు పెట్టాను నేను — ఎవరి పేరైనా సరిపోయేట్టు. పాస్టరుగారి ప్రతిలో ఆ చుక్కల మీద పోయిన నెల చనిపోయిన ఒక తాతగారి పేరు పెన్సిలుతో రాసి ఉంది. చెరపడం మర్చిపోయారు. "మన ప్రియ అబ్రహాము నిద్రించుచున్నాడు" అని చదివేశారు! ఎవరో దగ్గారు. "సునీత... సునీత" అని దిద్దుకున్నారు. చెమటలు పట్టాయి పాపం.
నాకు నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వాను. ఆ వెనకే ఏడుపు. "చాలండి, ఇక చదవకండి" అన్నాను. తర్వాత వచ్చే వాక్యం నాకు తెలుసు — దేవుడికి తన తోటలో ఒక పువ్వు కావలసి వచ్చింది అని. ఎలా రాశాను అది? ఆయన తోటలో పువ్వుల్లేవా?

ఆగస్టు 15
జెండా పండగ. ఆయన పిల్లలకి బిస్కెట్లు పంచి వచ్చి, చొక్కా విప్పకుండానే పడుకున్నారు.

ఆగస్టు 19
గొలుగొండ నుంచి మార్తమ్మ. చెరకు పని మానుకుని వచ్చింది. ఆమె కొడుకు పోయినప్పుడు నేనే వెళ్ళి చదివాను, ఏళ్ళయింది. ఎంత పిలిచినా లోపలికి రాదు, గుమ్మంలోనే చతికిలబడింది.
"ఆ రోజు నాకూ అనిపించిందమ్మగారూ... సదవొద్దని."
మరి అనలేదేం?
"అంత దూరం నుంచి వచ్చి సదువుతున్నారు, ఎలాగ అంతాను? ఊరుకున్నాను."
కోపంగా కూడా అనలేదు. గంజైనా తాగారా అని అడిగి, తనే పొయ్యి ముట్టించి వండి పెట్టి వెళ్ళింది.
ఆ రోజు ఆమె కంట తడి పెట్టకుండా విన్నదని ఇంటికొచ్చి ఆయనతో గొప్పగా చెప్పుకున్నాను. దేవుడి మాట పనిచేసిందని. ఛీ.

ఆగస్టు 24
పాస్టరుగారు వచ్చారు. ప్రతులు అయిపోయాయట, మళ్ళీ అచ్చు వెయ్యాలట. చివర సునీత గురించి నా సాక్ష్యం కలపాలట. "ఈ శ్రమలో దేవుడు మిమ్మల్ని ఎలా నిలబెట్టాడో రాయండమ్మా. జనం బలపడతారు."
నిలబెట్టలేదండీ, పడే ఉన్నాను అన్నాను.
"అదీ రాయండి. చివర్లో మాత్రం జయం ఉండాలి."
అచ్చు వెయ్యొద్దన్నాను. ఆయనకి కోపం రాలేదు, భయం వేసింది. "రేపు ఎవరింట్లోనైనా పోతే నేనేం చదవనమ్మా?"
దేవుడు లేడని కాదు. ఉన్నాడు. ఆయనకీ నాకూ మాటల్లేవు, అంతే.

ఆగస్టు 27
పాస్టరుగారు చదవడానికి వేరే ఏదైనా రాద్దామని కూర్చున్నాను. 'ప్రియ సహోదరీ' దగ్గరే ఆగిపోయింది. వాన.

సెప్టెంబరు 2
పొద్దున్నే కృష్ణదేవిపేట నుంచి ఒకతను. అన్న కూతురు పోయిందట, ఆరేళ్ళది. అదే జ్వరం. "మా వొదిన మిమ్మల్నే రమ్మంతంది. బేగి రండమ్మా."
రానని చెప్పబోయాను. ఆయన నా చెప్పులు తెచ్చి ముందు పెట్టారు.
పుస్తకం లేకుండానే బస్సెక్కాను. తల్లి చాలా చిన్నది, సునీత ఈడే. నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకుంది. ఆడవాళ్ళంతా సర్దుకుని కూర్చుని తలల మీద కొంగులు కప్పుకున్నారు, నేను మొదలుపెడతానని.
"సెప్పండమ్మగారూ, నా పిల్ల ఎక్కడుంది?"
ఇన్నేళ్ళు చెప్పిన జవాబే, దేవుడి తోటలో అని. నోటి దాకా వచ్చింది. చెప్పేస్తే ఆ తల్లి కాసేపు ఊరటపడేదేమో.
"నాకు తెలీదమ్మా. నా పిల్లా పోయింది" అన్నాను.
వెనక ఎవరో ముసలామె గొల్లుమంది. "అమ్మగారే అలాగంతే మనమేటైపోవాలే!" తల్లి మాత్రం ఏడవలేదు. నా చేతులు వదిలేసింది.
"తెలీకపోతే మరెందుకొచ్చారు?"

సెప్టెంబరు 3
ఆ తల్లి అడిగింది న్యాయమే. నిన్న తల వంచుకుని వచ్చేశాను. మళ్ళీ వెళ్ళాలి, వెళ్తే అదే అడుగుతుంది. వెళ్ళకపోతే ఇక ఎవరింటికీ వెళ్ళలేను.
మొదటి బస్సు వెళ్ళిపోయింది. ఆయన తోడొస్తానంటున్నారు, వద్దన్నాను. చీర కట్టుకుని రెండో బస్సు కోసం కూర్చున్నాను.