తరగని గాదె

అల్లూరు,
18-6-1963.

చిరంజీవి చెంచులక్ష్మికి అత్త వెంకటశేషమ్మ దీవించి రాయునది. ఇక్కడ అందరం బాగున్నాం. అక్కడ నువ్వూ, మీ అమ్మా, మీ అన్న విజయభాస్కరూ బాగున్నారని తలుస్తాను.

అలవాటు కొద్దీ నీ పేరు ముందు సౌభాగ్యవతి అని రాయబోతే చెయ్యి ఆగిపోయింది. ఆ కాగితం పొయ్యిలో వేసి, ఇది మళ్లీ మొదలుపెట్టాను. మన ఇంటి ఉత్తరాలన్నీ మీ చిన్నమామ పద్మనాభయ్య రాసేవాడు. ఈ ఒక్కటీ నేనే రాస్తున్నాను. అక్షరాలు కోడి కెలికినట్టుంటే నవ్వుకో, నాకేం కోపం రాదు.

మొన్న మీ అన్న వచ్చి వెళ్లాడు. చిట్టమూరు నుంచి అంత ఎండలో వచ్చి, మజ్జిగైనా ముట్టకుండా, అరుగు మీదే కూర్చుని సంగతి చెప్పాడు. వెంకటాచలంలో బడిపంతులట, భార్య పోయినాయన, పిల్లాజెల్లా లేరట, నిన్ను చేసుకుంటానని అడిగాడట. మీవాళ్లంతా సరేనన్నా నువ్వు ఒప్పుకోవడం లేదట. మొగుణ్ణి చంపుకున్న చేతులివి, ఈ చేతుల్తో ఇంకో ఇంట్లో దీపమెట్టా పెట్టమంటావన్నా అన్నావట. చేటలో వడ్లు కనబడితే లేచి అవతలికి పోతావట. అది విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఆ మాట నీది కాదు లక్ష్మీ. నీ నోట్లో పెట్టింది నేను.

జరిగినదాన్ని నీకు ఎవరూ వరసగా చెప్పలేదు. నన్ను చెప్పనీ.

నీ పెళ్లయిన యేడు కోతలప్పుడు వాన పట్టుకుంది కదా. కళ్లంలో వడ్లు పచ్చిగానే ఉన్నాయి. మన గాదెలు నింపే హజరత్తయ్య ఒక గుప్పెడు తీసి పిసికి చూసి, ఇంకా నాలుగెండలు తగలాలమ్మా, తొందరపడబాకండి అన్నాడు. తొందర నా పుట్టుకలోనే ఉంది. మళ్లీ మబ్బు పట్టగానే భయపడి గాదెలో పోయించేశాను. పట్టకపోతే లోపలికి మనిషిని దింపి మూలలన్నీ తొక్కించి మరీ పట్టించాను.

ఆరిన వడ్లకు ఒక నడత ఉంది. గాదె అడుగున అడ్డుపలక ఎత్తితే నీళ్లలా జారతాయి. పైన నడుమ గుంట పడుతుంది, తీసిన కొద్దీ గుంట పెద్దదవుతుంది. అసలు తీయకపోయినా, పోసిన పది రోజులకు తమ బరువుకు తామే జానెడు దిగుతాయి. ఆ యేడు గాదె దిగలేదు. నువ్వు కాపురానికొచ్చి నాలుగు నెలలు, రోజూ కింద నుంచి కుంచాలకొద్దీ తీస్తున్నావు, నిచ్చెనెక్కి చూస్తే వడ్లు పోసినచోటే ఉన్నాయి. ఇంకేముంది, కోడలి రూపంలో మహాలక్ష్మి నా గడప తొక్కిందని వీధంతా చాటాను. ఆడవాళ్లు వచ్చి చూసి, నీ పాదాలకు పసుపు రాసి వెళ్లారు. నువ్వు కాళ్లు వెనక్కి లాక్కుని, నాకేం తెలవదత్తా, నేను తీస్తా ఉండానంతే అన్నావు. ఎంత నిజం చెప్పావు తల్లీ!

వడ్లు తరగకపోవడమేమిటి, నా తలకాయ. పచ్చివడ్లు పైన అట్టకట్టి, ఒకదాన్నొకటి పట్టుకుని, ఈ గోడ నుంచి ఆ గోడకు మిద్దె వేసినట్టు నిలబడిపోయాయి. కింద నువ్వు తీసిన మేరంతా బోలు. ఆ శుక్రవారం నా కొడుకు రంగనాయకులు పసుపు కుంకుమల పళ్లెం పట్టుకుని గాదెలోకి దిగాడు. రెండడుగులు వేశాడో లేదో ఆ అట్ట విరిగింది. వాడు కిందికి పోయాడు, గోడల్ని అంటుకున్న వడ్లన్నీ వాడి మీదికి జారాయి. హజరత్తయ్య వచ్చి గొడ్డలితో పలకలు పగలగొట్టాడు. వడ్లు గది నిండి, వసారా నిండి, వాకిట్లోకి పారాయి. ఎంతకీ వాడు రాలేదు. వచ్చేసరికి అంతా అయిపోయింది.

నువ్వు కాలువ దగ్గర్నుంచి తడిబట్టలతో పరిగెత్తుకొచ్చావు. ఊరందరి ముందు నేను నిన్ను అన్న మాట నాకు గుర్తుంది. నా కొడుకు కాళ్ల కింద తోడేస్తివి కదే, నీ చేతులు పడిపోనూ అన్నాను. నువ్వు నీ చేతుల వంక చూసుకున్నావు. మూడో నెల మీ అన్న వచ్చి నిన్ను తీసుకుపోతుంటే నేను గడప దాకా కూడా రాలేదు.

ఆ వడ్లే ఆ యేడంతా దంచుకుని తిన్నాం. పారబొయ్యలేం కదా. ముద్దముద్దకీ వాడు గుర్తొచ్చేవాడు. అయినా తిన్నాను, సిగ్గులేని ప్రాణం.

నిరుడు హజరత్తయ్య కూర్చోబెట్టి ఇదంతా విడమరిచి చెబితే గాని నాకు తెలిసిరాలేదు. పచ్చివడ్లు పోయించింది నేను. రోజూ తియ్యమన్నది నేను. చెప్పిన పని చేసినదానివి నువ్వు. నీ చేతులకు ఏ పాపమూ అంటలేదు. పంతులుగారిని చేసుకో అమ్మా. రంగడి తల్లిగా చెబుతున్నాను. పెళ్లికి రమ్మంటే వస్తాను, వద్దంటే ఇక్కడే నాలుగు అక్షింతలు చల్లుకుంటాను.

ఇట్లు,
అత్తనని రాసుకునే మొహం లేకపోయినా రాసుకుంటున్న
వెంకటశేషమ్మ.

తా.క. ఉత్తరం అతికించి, మళ్లీ విప్పాను. నిరుడు గాని తెలియలేదని రాశాను చూడు, అది అబద్ధం. ఆ శుక్రవారం పొద్దునే నాకు తెలుసు. నువ్వు కాలువకు పోయాక రంగడు గాదె పలకల మీద వేళ్లతో కొట్టి చూశాడు. అమ్మా, ఇది లక్ష్మి మహిమ కాదమ్మా, కింద బోలుగా ఉండాది, నిచ్చెన మీద నిలబడి పొడుగు వెదురుతో పొడిచి కూల్చేస్తా అన్నాడు. మధ్యాహ్నం పేరంటానికి వీధి ఆడవాళ్లందరినీ పిలిచి ఉన్నాను. వాళ్లకు ఏం చూపించను? లక్ష్మిని వెదురుతో పొడుస్తావట్రా అని కసిరి, పళ్లెం వాడి చేతికిచ్చి, నడిమధ్యన పెట్టి రమ్మన్నాను. నిచ్చెన చివర నిలబడి, భయంగా ఉండాదమ్మా అన్నాడు. నేను వెనకే రెండు మెట్లెక్కి, నవ్వి, వాడి వీపు మీద చెయ్యి పెట్టి తోశాను.